జేగురుమెట్ట పైమట్టి

కడియపులంక నర్సరీల్లో ముప్పై ఏళ్లుగా మొక్కలు పెంచి, లారీలకెత్తి, నాలుగు దిక్కులకీ పంపిన నూకరత్నం, తమ లారీ నుంచి ఒక్క మొక్కనీ దించనివ్వనని అడ్డం నిలబడటం అదే మొదటిసారి.

ఆ రోజు జూన్ నాలుగు. తెల్లవారితే పర్యావరణ దినం. లారీ జేగురుమెట్ట మీద ఆగి ఉంది. రాజమండ్రి దాటి ఉత్తరంగా పోతే మెట్ట ఊళ్ల మధ్య ఉండే చిన్న కొండ అది. కొండ అనడం పాత అలవాటు కొద్దీనే. ఇరవై ఏళ్లపాటు గ్రావెల్ తవ్వుకుపోయాక అక్కడ మిగిలింది మెట్లు మెట్లుగా కోసిన పద్నాలుగు ఎకరాల ఎర్రటి గొయ్యి. లీజు గడువు తీరిపోయింది. వెళ్లిపోయేముందు ఆ నేలని మళ్లీ పచ్చగా చేసి అప్పగించాలని కంపెనీకి షరతు ఉంది. అందుకే లారీ నిండా తురాయి, బాదం, బోగన్‌విల్లా మొక్కలు. పెద్దవాళ్లు వచ్చి ఫోటోలు దిగేలోపు వాటిని పాతాలి. పాతడానికి నూకరత్నం ముఠాలో ఆరుగురు ఆడవాళ్లు.

రెండేళ్ల క్రితం కూడా సరిగ్గా ఇలాగే వచ్చారు. ఒక్కరోజులో ఎనిమిది వందల మొక్కలు పాతి, చీకటి పడకముందే వ్యాన్ ఎక్కి ఇళ్లకి వెళ్లిపోయారు. అవెలా ఉన్నాయో చూద్దామని, లారీ తలుపులు తీసేలోపు నూకరత్నం పైమెట్టుకి ఎక్కింది. చూసింది. వరసలు వరసలుగా ఎండుపుల్లలు నిలబడి ఉన్నాయి. ఒక పుల్లని పట్టుకుని లాగితే ప్రయాస లేకుండా ఊడి చేతికొచ్చింది. దాన్ని తిప్పి వేళ్లు చూసింది.

అది పట్టుకుని కిందికి దిగి, కంపెనీ తరఫున పని చూసుకుంటున్న అశ్విని ముందు పెట్టింది. అశ్వినికి ఇరవయ్యారేళ్లుంటాయి. భీమవరంలో ఇంజనీరింగ్ చదివి, ఈ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది.

"చూడండి మేడం గారూ. కవరు కోసి తీసేసి మరీ పాతామండి మేము. రెండేళ్లయినా వేళ్లు కవరు ఆకారంలోనే ఉండిపోయాయి. ఒక్క వేరు కూడా బయటికి అడుగెయ్యలేదు. అంటే పాతినరోజే దీని పని అయిపోయిందన్న మాట. పుల్ల అయ్యేదాకా అలా నిలబడిందంతే."

"ఎందుకలాగ? నీళ్లు పోశారు కదండీ. ట్యాంకర్ బిల్లులున్నాయి నా దగ్గర."

నూకరత్నం గునపం తీసుకుని నేల మీద వేసింది. ఖంగుమంది. నాలుగు పోట్లు వేస్తే జానెడు గొయ్యి పడింది. అందులో సీసాడు నీళ్లు పోసి, "చూస్తూ ఉండండి" అంది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చూశారు. పావుగంటకి కూడా నీళ్లు ఇంకలేదు. పింగాణీ గిన్నెలో పోసినట్టు అలాగే నిలబడి, ఎండకి వేడెక్కుతున్నాయి.

"మా లంకల్లో కర్ర గుచ్చినా చిగురేస్తుందండి. గోదారి ఒండ్రు అది. ఇక్కడ మట్టే లేదు. మట్టి తవ్వుకుపోయాక అడుగున మిగిలిన ఎముకండి ఇది. ఎముకలో మొక్క పెడితే ఎలా బతుకుద్ది? చచ్చిపోయే చోట పెట్టడానికి నేను మొక్కని పెంచలేదండి."

ఆ చివరి మాట ఆమె గొంతులోంచి అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ముఠాలో మిగిలిన ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. అశ్విని మొహం ఎర్రబడింది. నిదానంగా అడిగింది.

"మరి ఏం చెయ్యాలంటారు?"

అడిగినవాళ్లెవరూ లేరు ఇన్నాళ్లూ.  గొయ్యి అంచుల్లో గాలికి కొట్టుకొచ్చి పెరిగిన గడ్డిదుబ్బుల వైపు చూస్తూ, ఆలోచించుకుంటూ చెప్పింది నూకరత్నం.

"ముందు వానని పట్టుకోవాలండి. వాలుకి అడ్డంగా కందకాలు తియ్యాలి. ఎక్కడినుంచో ఇంత మట్టి తేవాలి. ఈ ఏడు గడ్డీ, నేలకి బలమిచ్చే జీలుగా, జనుమూ చల్లాలి. చెట్టు మాట పైఏడు."

"ఒక ఏడాది మొక్కలే పాతకుండానా!" అశ్విని నవ్వింది గానీ అది ఏడుపుకి దగ్గరగా ఉంది. "ఎకరానికి ఇన్ని మొక్కలని లెక్క చూపించాలండీ. మా మేనేజర్ యుగంధర్ గారు నన్ను ఇంటికి పంపించేస్తారు."

అయినా ఆ పిల్ల మెత్తగా కనపడుతుంది గానీ మొండిది. పక్కకి వెళ్లి యుగంధర్ గారితో గంటసేపు ఫోన్లో మాట్లాడింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఫోటోల కోసం గేటు దగ్గర యాభై మొక్కలు పాతుతారు. పైభాగంలో మూడెకరాలు ఒక్క వానాకాలం నూకరత్నానికి వదిలేస్తారు. మిగిలిన సంగతి మాఘమాసంలో తనిఖీ అయ్యాక. లోకనాథ్ గారు నర్సరీ యజమాని. లారీ తిరిగొచ్చిందని ముందు గొణిగాడు. "సర్లే, నీ ముచ్చట తీర్చుకో. అంట్లు కట్టే కాలానికి మాత్రం వచ్చెయ్యాలి" అని ఆమెని పంపించాడు.

పని మొదలైంది. తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల పైపు పట్టుకుని, ఇటొకరూ అటొకరూ నిలబడి, నీళ్లు ఏ వరసన సమానంగా ఉంటే ఆ వరసనే సున్నం గీశారు. గీత మీద చిన్న జేసీబీతో, అడుగున గట్టిపొర పగిలేదాకా, కందకాలు తీయించారు. పదకొండు కందకాలు తీసేసరికి మృగశిర కార్తె వచ్చేసింది. ఇక మట్టి కావాలి. చుట్టుపక్కల చెరువుల్లో అప్పటికే నీళ్లు చేరడం మొదలైంది. డెల్టా కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో అయితే పూడిక దొరికేది గానీ, వాటికీ నీళ్లు వదిలేశారు. మట్టి లేకుండా గట్టినేల మీద విత్తనాలు చల్లితే పిట్టలకి మేత.

ఆ సాయంత్రం నూకరత్నం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, మొగుడి ఎదురుగా అరుగు మీద చతికిలబడింది. మొగుడు లోవరాజు పదిహేడేళ్లు టిప్పర్ నడిపాడు. ఎక్కడ నడిపాడంటే జేగురుమెట్ట మీదే. రాజమండ్రి చుట్టూ లేచిన లేఅవుట్ల కిందా, బైపాస్ కిందా ఉన్న గ్రావెల్‌లో అతను తోలిన లోడ్లు వేలకి వేలుంటాయి. నడుం పాడై మూడేళ్ల క్రితం స్టీరింగ్ వదిలేశాడు. అప్పటినుంచి ఆ కొండ మాట ఎత్తేవాడు కాదు. పెళ్లాం అక్కడికి పనికి వెళ్తోందంటే, "నేను మోసుకుపోయిన చోట నువ్వు మొక్కలేంటే" అని ఒక్క ముక్క అని ఊరుకున్నాడు.

"మట్టి దొరకట్లేదయ్యా. పని అక్కడే ఆగిపోయేలా ఉంది" అంది ఆమె.

 లోవరాజు చుట్ట తీసి వెలిగించకుండానే వేళ్ల మధ్య దొర్లిస్తూ కూర్చున్నాడు.

"పైమట్టి ఉండాలి" అన్నాడు చివరికి.

"ఏ పైమట్టి?"

"మొదటి నెలలో తీసింది. కొండ తెరిచినప్పుడు పైన మూరెడు మందాన నల్లగా, మెత్తగా ఉండేదిలే. చెట్ల వేళ్లతో సహా. ఫిల్లింగుకి అది పనికిరాదన్నారు. కొనేవాడు లేడు. అవతల పడెయ్యమంటే పడేశాం."

"అవతలంటే?"

"ఉత్తరం వైపు లోయలా ఉండేది. ఓ మూడొందల లోడ్లు నేనే దింపుంటాను. అప్పుడు కొత్త బండి, సరదాగా తోలేవాణ్ని." అతను చుట్టని చెవి మీద పెట్టుకున్నాడు. "ఇరవై ఏళ్లయింది కదే. ఉందో, కొట్టుకుపోయిందో."

మర్నాడు పొద్దున్నే పెళ్లాం నడుపుతున్న టీవీఎస్ బండి వెనక కూర్చుని లోవరాజు జేగురుమెట్టకి వచ్చాడు. గేటు దగ్గర దిగి కాసేపు అలాగే నిలబడిపోయాడు. తను బండి నడిపిన రోజుల్లో అతని కళ్లు ఎప్పుడూ దారి మీదే ఉండేవి. ఖాళీ గొయ్యిని, ఏ చప్పుడూ లేకుండా, మొత్తంగా చూడటం ఇదే మొదలు.  అతను నడుం మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా ఉత్తరం అంచుకి నడిచాడు.

అక్కడ లోయ లేదు. లోయ ఉండాల్సిన చోట మనిషి దూరలేనంత దట్టంగా సర్కారు తుమ్మ పెరిగి ఉంది. అశ్విని తన దగ్గరున్న మ్యాపు తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఇక్కడేమీ లేదండి, ఖాళీ స్థలమనే రాశారు" అంది. లోవరాజు మ్యాపు వైపు చూడలేదు. దూరాన ఉన్న కరెంటు టవరునీ, ఒక బండరాయినీ చూసుకుంటూ, రివర్స్‌లో బండి పెట్టేవాడిలా భుజం మీదుగా వెనక్కి చూస్తూ, పది అడుగులు ఎడమకి జరిగాడు.

"ఇక్కడ చక్రాలు దిగబడకుండా రాళ్లు పేర్చుకున్నాం. ఇక్కడ తవ్వించండి" అన్నాడు.

జేసీబీ తుమ్మకంపని పక్కకి నెట్టి తొట్టి దింపింది. మొదట ఎర్రదుమ్ము వచ్చింది. రెండోసారీ అదే. మూడోసారి తొట్టి పైకి లేచేసరికి అందులోంచి రాలుతున్నది నల్లగా, వదులుగా, తేమతో బరువుగా ఉంది. నూకరత్నం డ్రైవరుని ఆగమని కేకేసి ముందుకెళ్లి రెండు దోసిళ్లతో తీసుకుంది. నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చిన్నచిన్న వేళ్లు, ఎండాకుల పొడి, ఒక రోకలిబండ పురుగు. వేలు పెడితే లోపలికి దిగుతోంది.

"బతికే ఉందండి" అంది అశ్వినితో.

లోవరాజు అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. అతని కళ్లలో నీళ్లు తిరగడం పెళ్లాం చూసింది. చూడనట్టే అటు తిరిగింది.

ఆ మట్టిని పైకి చేర్చడానికి కంపెనీవాళ్లు టిప్పర్ ఇచ్చారు గానీ డ్రైవరుకి ఆ పాత దారి అర్థం కాలేదు. రెండుసార్లు వెనకచక్రం జారింది. మూడోసారి లోవరాజు రాయి మీద నుంచి లేచి, "దిగు తమ్ముడూ, నేను చూపిస్తా" అని స్టీరింగ్ దగ్గరికెక్కాడు. నడుం జాగ్రత్తని నూకరత్నం అరుస్తూనే ఉంది. అతను వినలేదు. రోజుకి నాలుగే లోడ్లు, మధ్యలో నడుం వాల్చి విశ్రాంతి. అలా పన్నెండు రోజులు తోలాడు. ఎక్కడినుంచి మోసుకుపోయాడో అక్కడే దింపాడు. మూడెకరాల మీదా బెత్తెడు మందాన నల్లమట్టి పరుచుకుంది. దాని మీద ఆడవాళ్లు జీలుగ, జనుము, పిల్లిపెసర కలిపి చల్లారు. కందకాల గట్ల మీద వట్టివేరు దుబ్బులు నాటారు.

ఆరుద్రలో వాన పడింది. మామూలు వాన కాదు, ఒకటిన్నర రోజు విడవకుండా కుండపోత. తెరిపివ్వగానే వెళ్లి చూస్తే, దక్షిణం వైపు రెండు కందకాలు తెగిపోయి, అక్కడి మట్టి సగం కింది మెట్టు మీద బురదై పడి ఉంది. అశ్విని నెత్తిన చేతులు పెట్టుకుంది.

"పోయిందండీ అంతా!"

"సగమే పోయింది. అదీ ఎక్కడికి పోయిందండి, కిందే ఉంది కదా" అంది నూకరత్నం. "మిగిలిన తొమ్మిది చూడండి. నీళ్లు ఒక్కదాంట్లోనూ లేవు. ఏమైపోయాయనుకుంటున్నారు? తాగేసిందండి నేల!"

తెగిన చోట రాళ్లు పేర్చి కట్టారు. బురదని గంపలతో పైకి మోశారు. వారం తిరిగేసరికి ఎర్రటి గొయ్యి మధ్యలో మూడెకరాలు లేత పచ్చగా మొలిచింది. నెల తిరిగేసరికి జీలుగ మోకాలెత్తు ఎదిగింది. ఆ మధ్య ఎవరూ చల్లని మొక్కలు కూడా కనపడ్డాయి. ఇరవై ఏళ్లు మట్టి కింద నిద్రపోయిన గింజలు కొన్ని లేచాయి. నూకరత్నం ఒక్కొక్కదాని పక్కనా ఒక పుల్ల గుచ్చి, ఆడవాళ్లెవరూ తొక్కకుండా గుర్తు పెట్టింది.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి పడమటి పక్క ఎకరం మీద జీలుగ తలలన్నీ కొరికేసి ఉన్నాయి. అరవై మేకలు ఇంకా అక్కడే నింపాదిగా మేస్తున్నాయి. వాటి యజమాని బుల్లబ్బాయి, డెబ్బై ఏళ్లవాడు, కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఆడవాళ్లు అరుస్తూ మేకల్ని తరిమారు.

"ఏంటి బాబాయ్ ఇది? కళ్లు కనపడట్లేదా? ఎన్ని రోజుల కష్టం!" అంది నూకరత్నం.

బుల్లబ్బాయి కంగారుపడలేదు. "నాకు కళ్లు బాగానే కనపడతాయమ్మా. ఈ కొండ మీద మా తాత మేపాడు, మా అయ్య మేపాడు. కొండకి కొండే ఎత్తుకుపోతుంటే అప్పుడు నన్నెవరైనా అడిగారా? నా మేక నాలుగాకులు తింటే ఇప్పుడు అడుగుతున్నారే!"

 ఆ ముసలాయన అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో నూకరత్నానికి ఎంత వెతికినా దొరకలేదు. పైగా ఆ కొండని ఎత్తుకుపోయినవాళ్లలో తన ఇంటాయన కూడా ఉన్నాడాయె. కోపం అలాగే చల్లారిపోయింది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, ఆయన కూర్చున్న చింతనీడకి తనే వెళ్లింది. అన్నం, పచ్చిమామిడి పప్పు ఆకులో పెట్టి ఇచ్చింది. ఆయన వద్దనలేదు.

"ఇక్కడ ముందేం చెట్లుండేవి బాబాయ్?"

అడిగిందే తడవు, ఆయన కళ్లు మెరిశాయి. అన్నం కలుపుతూనే చెప్పుకుపోయాడు. ఏ వాలున తంగేడు, ఏ వాలున వాక్కాయ, ఎక్కడ బలుసు, ఎక్కడ రేల, ఎక్కడ పాలకొడిశ, ఈతలు ఎన్ని ఉండేవి, ఏ నెలలో ఏ మేకకి ఏది పెడితే పాలు చేపేది. నూకరత్నానికి నర్సరీలో నాలుగొందల రకాల మొక్కల పేర్లు వచ్చు. ఇంగ్లీషు పేర్లు కూడా తడుముకోకుండా చెప్పగలదు. బుల్లబ్బాయి చెప్పినవాటిలో సగం ఆమె ఎప్పుడూ కవర్లో పెట్టలేదు.

"వాటి గింజలు ఇప్పుడెక్కడైనా దొరుకుతాయా?"

"పక్క కొండ మీద లేవూ! నాతో రా, చూపిస్తాను."

అలా ఇద్దరికీ ఒక మాట కుదిరింది. మొక్కలు మేక మెడ దాటి ఎదిగేదాకా మూడెకరాల్లోకి మంద రాదు. బదులుగా కందకాల గట్ల మీద గడ్డి కోసి రోజూ రెండు మోపులు ఆయనకివ్వాలి. చలికాలం వచ్చాక కింది మెట్ల మీద, ఇంకా ఏమీ వెయ్యని చోట, బుల్లబ్బాయి మంద కడతాడు. పొలాల్లో ఎరువు కోసం మేకల్ని కట్టడం ఆ ప్రాంతంలో ఉన్నదే. గొయ్యిలో కట్టడమే కొత్త. అశ్విని ఇదంతా విని, "ఇది రిపోర్టులో ఎలా రాయాలండీ?" అంది.

"మేకలు అని రాయండి, ఆయ్!" అన్నాడు బుల్లబ్బాయి.

పూతకొచ్చిన జీలుగని కోసి అక్కడే మట్టి మీద పరిచారు. ఆ పరుపులో, పక్క కొండ మీంచి ఏరుకొచ్చిన గింజల్ని దూరదూరంగా గుచ్చారు. వేప, కానుగ గింజలు ఆడవాళ్లు ఊళ్లలోంచి ఏరుకొచ్చారు. నూకరత్నం అంట్ల కాలానికి కడియపులంక వెళ్లింది గానీ మనసంతా ఇక్కడే. ఆదివారం వస్తే చాలు, మొగుణ్ని తీసుకుని మెట్టెక్కేది.

మాఘమాసంలో తనిఖీకి జానకిరామ్ గారనే అధికారి వచ్చాడు. పక్కన యుగంధర్. జీపు దిగగానే యుగంధర్ మొహం వాడిపోయింది. దూరం నుంచి చూస్తే మూడెకరాల్లో కోసిన కొయ్యలూ, ఎండుగడ్డీ తప్ప ఏమీ కనపడదు. గేటు దగ్గరి యాభై మొక్కల్లో పదిహేను బతికి ఉన్నాయి.

"మొక్కలేవమ్మా?" అన్నాడు జానకిరామ్, చేతిలో ఫైలు తెరిచి.

 నూకరత్నం కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"నిలబడితే కనపడవండి. కాస్త కూర్చోవాలండి."

"కూర్చోవాలా?"

"ఆయ్. గొంతుక్కూర్చోండి, చూపిస్తాను."

ఆయన ఒక క్షణం తటపటాయించి, ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, కూర్చున్నాడు. నూకరత్నం పాదాల ముందున్న ఎండుగడ్డిని వేళ్లతో పక్కకి తప్పించింది. దాని కింద రెండాకుల వేప. జానెడు అవతల తంగేడు. ఇంకాస్త అవతల, ఇంకా గింజ తొడుగు తలమీదే ఉన్న రేల. ఆయన తనంతట తనే ముందుకి జరిగి ఇంకో చోట గడ్డి తప్పించాడు. అక్కడా ఉన్నాయి. మట్టిని వేలితో గీరితే వానపాము ఒకటి మెలికలు తిరిగి లోపలికి పోయింది.

"తాడు ఉందా?" అన్నాడాయన.

తాడు తెచ్చారు. నాలుగు పుల్లలు పాతి, తాడుతో చదరం కట్టి, అందులో ఉన్నవి లెక్కపెట్టమన్నాడు. ఒక చోట కాదు, తనకి తోచిన ఆరు చోట్ల. ఆడవాళ్లు వేళ్లు మడుస్తూ బిగ్గరగా లెక్కపెడుతుంటే ఆయన ఫైలు వెనక రాసుకున్నాడు. గంటన్నర పట్టింది. చివరికి లేచి, నడుం సవరించుకుని, అంకెలు రెండుసార్లు కూడి చూశాడు.

"మీరు చూపించాల్సినదానికి రెండింతలు పైన ఉన్నాయి" అన్నాడు యుగంధర్‌తో. "వేసవిలో సగం పోయినా సరిపోతుంది. మిగతా పదకొండు ఎకరాలు కూడా ఇలాగే చేయించండి. ఎవరు చేశారిది?"

యుగంధర్ అశ్విని వైపు చూశాడు. అశ్విని నూకరత్నం వైపు చూసింది. నూకరత్నం వెనక్కి తిరిగి చూస్తే, లోవరాజు టిప్పర్ నీడలో నిలబడి, ఎటో చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

"మా ఇంటాయన మట్టి తెచ్చాడండి" అంది.

రోహిణి ఎండలకి నిజంగానే చాలా పోయాయి. నూకరత్నం బాధపడలేదని చెప్పలేం. రోజూ వెళ్లి వాడినవాటిని చూసి నొచ్చుకునేది. అయితే వాడిన మొక్కని ఎప్పుడు లాగి చూసినా ఊడి వచ్చేది కాదు. గట్టిగా పట్టుకుని ఉండేది. తొలకరి పడగానే అలాంటివి మొదలు దగ్గర్నుంచి మళ్లీ చిగిర్చాయి. రెండో ఏడు కింది మెట్ల మీదికి పని దిగింది. అక్కడ మేకల ఎరువు వాసన ఇంకా పోలేదు. ఆ వాసనకి అశ్విని ముక్కు మూసుకుంటే ఆడవాళ్లంతా నవ్వారు. గేటు పక్కన తాటాకు పందిరి వేసి, నూకరత్నం అడవిమొక్కల కోసం ఒక చిన్న నర్సరీ పెట్టింది. లోకనాథ్ గారు చూడటానికొచ్చి, పాలకొడిశ కవర్లు చేతిలోకి తీసుకుని, "ఇవెవరు కొంటారు రత్నం?" అన్నాడు. నెల తిరగకుండా పక్క మండలంలో ఇంకో క్వారీవాళ్లు వచ్చి వెయ్యి అడిగితే, ఆయనే ఫోన్ చేసి, "ఉన్నాయా ఇంకా?" అన్నాడు.

"మొక్కలిస్తానండి. ముందు వాళ్లని కందకాలు తవ్వుకోమనండి. చూసి ఇస్తాను" అంది నూకరత్నం.

మూడో ఏడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం. పైమెట్టు మీద కానుగలు మనిషెత్తు దాటాయి. బుల్లబ్బాయి మంద అప్పుడప్పుడు పైకి కూడా వస్తోంది. మొక్కల మెడలు మేకల మెడలు దాటిపోయాయని ఆయన స్వయంగా కర్రతో కొలిచి ఒప్పించాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ అన్నాలు తిని, కానుగ నీడన కూర్చున్నారు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది.

"లే, వానొచ్చేస్తోంది" అన్నాడు లోవరాజు.

"రానీ. ఎలా ఇంకుద్దో చూసి పోదాం."

వాన వచ్చేసింది. పెద్దపెద్ద చినుకులు మొదట ఆకుల మీద టపటపలాడి, తర్వాత ఏకధారగా మారాయి. ఇద్దరూ ఒకే ప్లాస్టిక్ పట్టా తలమీద కప్పుకుని నిలబడ్డారు. కందకం నిండింది, అంచుదాకా వచ్చింది, అక్కడే ఆగింది. కింది మెట్టు వైపు ఎర్రనీళ్లు పారడం లేదు. లోవరాజు వంగి కాసేపు చూశాడు. పెళ్లాం వైపు తిరిగి, ఆవిడ మొహం చూసి నవ్వాడు.

తెరిపిచ్చాక బండి దగ్గరికొస్తే స్టార్ట్ అవలేదు. లోవరాజు పదిసార్లు తొక్కాడు. ప్లగ్గు తీసి పైపంచెతో తుడిచి మళ్లీ బిగించాడు. అయినా కదల్లేదు.

"ఎందుకయ్యా తిప్పలు, కిందిదాకా వాలే కదా. ఎక్కు" అంది నూకరత్నం, వెనక సీటు మీద సర్దుకు కూర్చుంటూ.

అతను బ్రేకు వదిలాడు. చప్పుడు లేకుండా బండి మెట్ట దిగుతుంటే, ఇటూ అటూ తడిసిన తంగేళ్ల మధ్యనుంచి, ఆవిడ మొగుడి భుజం పట్టుకుని, "మెల్లిగా, మెల్లిగా" అంటూ గేటుదాకా నవ్వుతూనే ఉంది.